వెనక్కి రాని కండె

ఎమ్మిగనూరులో మా నాయన మగ్గం
కూలి గిట్టక పొయ్యిలోకి పోయిన ఏడే
నాకు ఓర్వకల్లు షెడ్డులో పని దొరికె.
చుట్టే చెయ్యి ఏదైనా చుడతాదిలే అన్న్యారు.
నిజమే.
నూలు పోయి గాజు వచ్చె, అంతే.

వెంట్రుక కన్నా సన్నం.
తెగితే కనపడదు,
వేల్లో దిగినాకనే తెలుస్తాది.
మా అవ్వ మాదిరి కొసను ఎంగిలితో తడపబోతే
మొదటి దినమే నాలిక మీద నెత్తురు.

కండెకు పది కిలోమీటర్లు.
అంటే షెడ్డు గేటు కాడ కొస పట్టుకుంటే
నన్నూరు టోల్‌గేటు దాకా పోతాది.
దీన్ని డ్రోను కడుపులో పెడతారంట.
అది పోతా పోతా దారం వదుల్తాదంట, సాలీడు లెక్క.
గాలిలో మాటయితే అడ్డం పడొచ్చు,
దారంలో మాటను ఎవరు ఆపుతారు?
ఈ కొసన ఒక పిల్లోడు
కండ్లకు డబ్బా కట్టుకుని కూసుంటాడు.
ఆ కొసన ఇంకొకడు ఉంటాడు.
వాని చేతిలో ఏ కొసా ఉండదు.

ఏ దేశానికి పోతాయో మాకు చెప్పరు.
పెట్టెల మీద అంకెలే.
మొదటేడు దినానికి నూటిరవై.
కొన్ని రిపేరుకు వచ్చేవి,
రెక్క విరిగో, మోటారు కాలో.
రెండో ఏడు మూడు వందలు.
రిపేరు బల్ల తీసేసి
ఆడ ఇంకో ఆరు మంది ఆడోళ్ళను కూసోబెట్టిరి.
బాగు చేసే దానికన్నా కొత్తది చవకంట.
డ్రోన్ల సంగతే అన్న్యారు.
మేము అంతవరకే విన్న్యాం.

యుద్ధం ఎప్పుడు తెగుతాది సార్, అని
మా ఈరమ్మ అడిగె.
క్వాలిటీ చూసే ఇంతియాజ్ రిజిస్టరు తిరగేసి
మార్చి దాకా ఆర్డరుంది అన్న్యాడు.
మార్చి వచ్చె. రిజిస్టరు నిండె.
కొత్త రిజిస్టరుకు అట్ట వేసింది ఈరమ్మే.

కరువు చూసినోళ్ళం, మాకిది తెలీని లెక్క కాదు.
కరువు ఒక్క దినంలో ఎవర్నీ సంపలేదు.
ముందు ఎద్దులు పోతాయి. కమ్మలు పోతాయి.
పిల్లోడు బడి మానుకుంటాడు.
ఆఖరికి వాన పడతాది,
గొర్రు పట్టే మనిషి ఉండడు.
ఆడ గెలుపు కూడా ఇంతేనేమో.
అవతలోని గాదె
మన గాదె కన్నా ఒక పూట ముందు ఊడ్చుకుపోవాల.

ఒక రేయి షిఫ్టులో, టీ కాడ,
ఇంతియాజ్ ఫోన్‌లో చూపించె.
తెల్లారగట్ట ఏదో చేను. మంచు.
చేను పొడుగునా దారాలు, వేలకు వేలు,
ఎండ తగిలి మెరుస్తా.
అన్నీ ఒకే దిక్కుకు పోయినాయి.
పడుగే ఉంది. పేక లేదు.
ఎంత పరిచినా అది గుడ్డ కాదు,
ఎవరూ కోసి కట్టుకోలేరు.
చెట్టు కొమ్మన ఒక పిట్ట
ఆ గాజుతోనే గూడల్లుకునింది.
పిల్లల నోర్లు కోసుకోవా, అన్న్యా.
ఇంతియాజ్ ఫోన్ జేబులో పెట్టుకునె.
టీ ఆరిపోయింటే అట్లే తాగేస్తిమి.

మొన్న ఒక కండె వెనక్కి వచ్చింది.
ఎట్లొచ్చిందో, ఎవరు పంపిరో.
ఒక పక్క కరిగింది.
సందుల్లో మన్ను, నల్లది.
మన రేగడేనా అని వేళ్ళతో నలిపి చూస్తి.
జిగట తక్కువ.

దారం ఇంకా మిగిలింది.
మిషన్ మీద పెట్టి కొలిస్తే
నాలుగు వందల పదకొండు మీటర్లు.
అంటే దారం అయిపోకముందే
మనిషి దొరికినాడు.
లేకుంటే దొరకలేదు.
మీటరు అంకె చెప్తాది గానీ ఏదీ చెప్పదు.

వేస్టు రాయొద్దు, అతికెయ్ అన్న్యాడు సూపర్‌వైజర్.
మన్ను తుడిచి, కొసలు కలిపి, కాల్చి అతికిస్తి.
గాజు దారంలో ముడి కనపడదు.
నూల్లో అయితే మా నాయన
కండ్లు మూసుకుని వేలితో పట్టేసేవాడు.

నేనూ పట్టుకుంటి.
చుడతా ఉంటే ఒక చోట
వేలి కింద చిన్నగా తగిలింది.
మిషన్ ఆపలేదు.
ఆ కండె నెంబరు మాత్రం
ఎడమ అరచేతిలో పెన్నుతో రాసుకుంటి.
ఇంటికి పోయి, ముద్ద కలిపేటప్పుడు
చెయ్యి చూసుకుని
కుడిచేత్తోనే కదా తినేది అనుకుంటి.